ఎముకల బంగళా సీలలు

జగన్నాథరావు మా అడితి మెట్లెక్కి వచ్చిన రోజున నేను ఆయనకి కుర్చీ వేసి, ఎదురుగా కోటయ్య కొట్టు నుంచి అల్లం టీ తెప్పించాను. కాళ్ళు విరగ్గొట్టాల్సిన మనిషికి టీ ఏంటని మీరు అడగొచ్చు. పగ ఉన్నవాళ్ళు గుమ్మంలోనే కేకలేస్తే ఆ పగ అక్కడికక్కడే చల్లారిపోతుందండి. నాది చల్లారే రకం కాదు. ఆరేళ్ళుగా మేత వేసి మరీ పెంచుకున్నాను.

తెనాలిలో మాది పాత కలప అడితి. చుట్టుపక్కల ఎక్కడ పాత ఇల్లు పడగొడుతున్నా మా వాళ్ళు వెళ్ళి దూలాలు, వాసాలు, తలుపులు జాగ్రత్తగా విప్పి తీసుకొస్తారు. మా ఆయన ఇమాముద్దీన్ ఉన్నన్నాళ్ళూ ఆయనే మేస్త్రీ. చెరుకుపల్లిలో జగన్నాథరావు కొన్న పాత మేడ విప్పుతుంటే కప్పు కూలి ఆయన పోయాడు. శవం కంటే ముందు మాట వచ్చింది ఇంటికి. తాగి ఎక్కాడంట! ఆ మాట పోలీసులకి చెప్పింది జగన్నాథరావే. ఐదు పూటలా నమాజు చేసే మనిషండీ, దగ్గు మందు కూడా వాసన చూసి పక్కన పెట్టేవాడు. అలాంటివాణ్ణి తాగుబోతుని చేసి మట్టిలో పెట్టించాడు. జనాజా వెంట నడవాల్సిన వాళ్ళు సగంమంది రాలేదు. కోటయ్య అయితే నా దగ్గరకొచ్చి, "ఆ పాడు అలవాటు ఎప్పుడు అంటుకుందో కదమ్మా, నిప్పు లేనిదే పొగ రాదుగా," అన్నాడు. రోజూ మా ఆయనకి టీ ఇచ్చిన మనిషి!

ఆ రోజు అక్కడే ఉన్న నా కొడుకు అయాజ్ నోరు విప్పలేదు. కళ్ళెదుట తండ్రి పోతే ఏ కొడుక్కి నోరొస్తుందిలే అనుకున్నాను. పైది దిగకముందే కింది గుంజ లాగేశారని కూలిన చోటు చూసినవాళ్ళు చెప్పారు, తొందరపెట్టి అలా లాగించింది జగన్నాథరావేనని నా నమ్మకం. అప్పటి నుంచి నాకు కావాల్సింది ఒక్కటే. ఆ మాట అన్న నోటితోనే, నలుగురి ముందు, అది అబద్ధమని అనిపించాలి.

"రేపల్లె దగ్గర లాకుల పక్కన ఎముకల బంగళా ఉంది చూడమ్మా, అది కొన్నాను," అన్నాడు జగన్నాథరావు టీ ఊదుకుంటూ. "దాన్ని ఉన్నది ఉన్నట్టు విప్పి, బాపట్లలో సముద్రం దగ్గర మా రిసార్టులో మళ్ళీ నిలబెట్టాలి. ఈ పనిలో మీ వాళ్ళని మించినవాళ్ళు లేరని అందరూ అంటున్నారు."

మా వాళ్ళు తాగి ఎక్కుతారని కూడా అంటారుగా అని నాలుక చివరిదాకా వచ్చింది. టీతో పాటు మింగేశాను.

"చేద్దామండి. తమరంతటివారు వచ్చి అడిగాక కాదంటామా?" అన్నాను.

ఆయన వెళ్ళాక అయాజ్ నా దగ్గరకొచ్చాడు. వాడికి పాతికేళ్ళు దాటాయి, ఇప్పుడు మేస్త్రీ పనంతా వాడిదే.

"ఆ పని మనకొద్దమ్మీ."

"ఎందుకురా?"

"ఆయన పనే వద్దు. ఆ ముఖం చూడాలని లేదు నాకు."

"నాకుందిరా. ఆ ముఖం వాడిపోతుంటే దగ్గరుండి చూడాలని ఉంది," అన్నాను. వాడు తలొంచుకుని పనిలోకి వెళ్ళిపోయాడు. తండ్రి పోలికే, ఎదురు చెప్పడు అనుకున్నాను.

*

శివరాత్రి వెళ్ళాక రేపల్లె చేరాం. రంజాన్ నెల మొదలైంది. తెల్లారకముందు సహర్‌కి లేచి ఇంత తిని, చల్లపూట పని చేసి, ఎండెక్కాక నీడకి చేరేవాళ్ళం.

ఇల్లు చిన్నదే. కింద రెండు గదులు, పైన రెండు. వెనకటి రోజుల్లో కాలవల మీద అధికారం చేసిన దొర ఒకడు, ఊరి మీద బెంగ పెట్టుకున్న దొరసాని కోసం అచ్చం వాళ్ళ దేశంలో ఇల్లులాగే కట్టించాడట. నల్లటి గుంజలు, దూలాలు గోడల్లోంచి బయటికే కనబడతాయి. మూల మూలకీ ఏటవాలుగా అడ్డకర్రలు. మధ్యలో ఖాళీలన్నీ తెల్లటి సున్నం. దూరం నుంచి చూస్తే పక్కటెముకలు తేలిన బక్కెద్దు నిలబడ్డట్టుంటుంది, అందుకే ఎముకల బంగళా అన్నారు. పై అంతస్తు కింది దానికన్నా మూరెడు ముందుకి పొడుచుకొచ్చి ఉంది. కప్పేమో మరీ నిటారు. మంచు జారిపోవడానికట. రేపల్లెలో మంచు! దొరసాని అడిగితే దొర కాదనలేకపోయుంటాడు.

రిసార్టు ఇంజనీరు కిరీటి గారని, మంచివాడే, అన్నీ విడమరిచి చెప్పేవాడు. "మన మేడల్లో గోడ బరువు మోస్తుందమ్మా. ఇక్కడ అంతా తిరగబడి ఉంది. మోసేదంతా కలపే. గోడలు ఉత్త తెరలు," అని ఒకచోట సున్నం పెచ్చు లేపి చూపించాడు. లోపల వెదురు తడిక, దాని మీద గడ్డి కలిపి మెత్తిన మట్టి.

"ఓరి నీ! ఇది మన పాకల తడికేగా!" అన్నాడు మా కూలీల్లో ఒకడు. "అంత దొరా చివరికి తడికల గోడకే వచ్చాడన్నమాట." రోజాతో నోరెండిపోయి ఉన్నా అందరం నవ్వాం.

గోడలన్నీ రాలగొట్టాం. ఇల్లు మాత్రం ఇంత కూడా కదల్లేదు. ఉత్త గుంజలు, దూలాలే ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడి ఉన్నాయి. వెతికితే ఒక్క ఇనప మేకు లేదండి. దూలం కొసని నాలుకలా చెక్కి, గుంజకి తొలిచిన బెజ్జంలో దూర్చారు. ఆ నాలుకని మా పనిలో కుసి అంటాం. గుంజనీ కుసినీ కలిపి అడ్డంగా ఒక చెక్క సీల దిగ్గొట్టారు, అంతే. ఏ కుసి ఏ బెజ్జానిదో తెలియడానికి రెంటి మీదా ఒకేలాంటి ఉలి గాట్లు. ముందు నేల మీద ఇల్లంతా జోడించి, గాట్లు పెట్టి, విప్పి, ఆ తర్వాతే పైకి ఎత్తేవారట ఆ దేశంలో. బర్మా టేకు, ఎంత కాలమైనా చేవ చావలేదు.

మొదటి సీలని అయాజ్ కొయ్యసుత్తితో బయటికి కొట్టాడు. బొటనవేలంత లావు, జానెడు పొడుగు. అది ఊడిపడగానే, అప్పటిదాకా ఏనుగు తోసినా కదలదనుకున్న దూలం నా చెయ్యి తగిలితే ఊగింది. ఆ సీలని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాను. జగన్నాథరావు ఇల్లు మొత్తం నా గుప్పెట్లో పట్టే కర్రముక్క మీద ఆధారపడి ఉంది. నాకు దారి దొరికింది.

"సీలలు నాకిచ్చెయ్యండిరా, నేను దాస్తాను," అన్నాను. పాతవి కొన్ని విరిగిపోతే వాటి బదులు తుమ్మ చేవతో దగ్గరుండి చెక్కించాను. ఒక్కొక్క బెజ్జం ఒక్కొక్క కొలత, దేనిది దానికే పడుతుంది. అన్నిటినీ గోనెసంచీలో వేసి మూతి కుట్టి నా మంచం కింద పెట్టుకున్నాను.

ఆ రోజుల్లో అయాజ్‌ని చూస్తే ముచ్చటేసేది. పై కలపంతా దిగేదాకా కింది గుంజల మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. ఎవడైనా గుంజకి ఆనుకున్నా ఇంతెత్తున లేచేవాడు. ఆసరాకి ఒక పోటు కర్ర చాలినచోట రెండు పెట్టించేవాడు. తండ్రికి జరిగింది చూసినవాడు కదా, భయం నేర్చుకున్నాడు అనుకున్నాను.

*

ఆ ఏడు ఉగాది, రంజాన్ పండగ పక్కపక్క రోజుల్లో పడ్డాయి. ఉగాదికి వేరే ముహూర్తం అక్కర్లేదంటారుగా, అయినా జగన్నాథరావు సిద్ధాంతి చేత ఘడియ పెట్టించుకున్నాడు. వాస్తు కుదరలేదని కట్టిన మెట్లే కూలగొట్టించిన మనిషి ఆయన. ఆ ఘడియ లోపల గుమ్మం నిలబడి సీల పడాలి. రోడ్డు మీద పెద్ద బ్యానరు కట్టించాడు, 'ఒక్క ఇనప మేకు లేని ఇంగ్లీషు ఇల్లు' అని. షామియానా, మైకు, పంతులుగారు, బాపట్ల పెద్దమనుషులు, ఉగాది పచ్చడి. మా కలప బజారు వాళ్ళనీ, మా వీధి పెద్దల్నీ, కోటయ్యనీ నేనే వ్యాను మాట్లాడి తెచ్చాను. "నా సొంత మనిషిలా చేస్తున్నావమ్మా," అని మెచ్చుకున్నాడు జగన్నాథరావు. చేస్తున్నాగా మరి!

పొద్దుటికే గుంజలూ దూలాలూ ఎత్తేశారు. కుసులు బెజ్జాల్లో కూర్చున్నాయి, సీలలే పడలేదు. మోకులూ పోట్లూ పట్టుకుంటే నిలబడి ఉంది ఇల్లు. అయాజ్ పై దూలం మీద కొయ్యసుత్తితో కూర్చున్నాడు. సంచీ నా ఒళ్ళో ఉంది.

మన వైపు గుమ్మం నిలబెట్టేటప్పుడు ఇంటాయన మేస్త్రీకి కొత్త బట్టలు పెడతాడు కదా. జగన్నాథరావు పళ్ళెంలో పంచె, చొక్కా గుడ్డ పెట్టుకుని వచ్చాడు. "దిగు అయాజ్, తీసుకో," అన్నాడు.

"ఆగండి," అని నేను లేచాను. "మా అడితికి మేస్త్రీ ఇమాముద్దీనే. బట్టలు ఆయన పేరు మీద పెట్టండి. నేను అందుకుంటాను."

"శుభమా అని ముహూర్తం పెట్టుకుంటే పోయినాయన పేరేంటమ్మా?"

"పేరొక్కటే కాదండి. ఆయన ఆ రోజు తాగలేదనీ, తాగాడని మీరు అబద్ధం చెప్పారనీ మైకులో చెప్పండి. చెప్పాక సీలలు ఇస్తాను."

ఆయన ముఖంలో నెత్తురు దిగిపోవడం నేను చూశాను. అల్లా నన్ను క్షమించాలి, రోజా ఉన్న కడుపు నిండిపోయినట్టయింది.

"ఏంటమ్మా ఈ గొడవ?" అన్నాడు గొంతు తగ్గించి. "సీలలు లేకపోతే నాకు గడవదా? కిరీటీ, బోల్టులు ఎక్కించెయ్యండి."

కిరీటి బ్యానరు వైపు చూశాడు, పంతులుగారి వైపు చూశాడు. "ఇప్పటికిప్పుడు టేకుకి బోల్టుల కొలతకి కొత్త బెజ్జాలు వెయ్యాలంటే సాయంత్రం అవుతుంది సార్," అన్నాడు.

"ఘడియ దాటిపోతోందండీ," అన్నాడు పంతులుగారు.

ఎండ ముదిరేసరికి సముద్రం మీంచి గాలి లేచింది. మోకులు బిగిశాయి. ఇల్లంతా కిర్రుమంది. ముందు వరసలో కూర్చున్న పెద్దమనుషులు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. "అమ్మీ, ఇచ్చెయ్యి, ఇంక చాలు!" అని పైనుంచి అరిచాడు అయాజ్. నా కొడుకు ఆ ఊగే దూలం మీద ఉన్నాడని తెలుసు నాకు. అయినా సంచీ మూతి విప్పలేదు. అంత పట్టింది నన్ను పగ.

జగన్నాథరావు మైకు అందుకున్నాడు. "ఇమాముద్దీన్ మేస్త్రీ మంచి పనివాడు," అన్నాడు. ఆగాడు. నేను కదల్లేదు. "ఆ రోజు ఆయన తాగలేదు. తాగాడని నేను చెప్పింది అబద్ధం."

మా కలప బజారు వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కోటయ్య భుజం మీద తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని తలొంచుకున్నాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆరేళ్ళుగా నేను కలగన్నది ఇదే. అక్కడితో ఆగి ఉంటే నా అంత గెలిచిన మనిషి తెనాలిలో లేకపోయేది. ఆగలేదు. కుక్క నోట్లో ఎముకలాగా ఉంది నాకు ఆ మాట, వదలబుద్ధి కాలేదు.

"ఇంకొకటుంది," అన్నాను. "తాగకపోతే కప్పు ఎందుకు కూలింది? పైది దిగకముందే కింది గుంజ లాగించింది ఎవరు? అదీ చెప్పండి."

జగన్నాథరావు మైకుని అరచేత్తో మూశాడు. కోపం లేదు ఆయన ముఖంలో. నా వైపు చూడలేదు. తలెత్తి పై దూలం వైపు చూశాడు.

"అదీ మైకులోనే చెప్పమంటావా అమ్మా?" అన్నాడు మెల్లగా.

నేనూ తలెత్తాను. అయాజ్ నన్నే చూస్తున్నాడు. చిన్నప్పుడు కొట్లో గాజుసీసా పగలగొట్టి తలుపు వెనక దొరికిపోయినప్పుడు ఎలా చూశాడో అలాగే చూస్తున్నాడు. వాడి చేతిలో కొయ్యసుత్తి జారి ఇసకలో పడింది.

కింది గుంజల మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వనివాడు. ఈ పని వద్దన్నవాడు. ఆరేళ్ళుగా నోరు విప్పనివాడు.

"వద్దులెండి," అన్నాను.

సంచీ కుట్టు తెంపాను. ఇసకలో పడిన సుత్తి నేనే తీసి, సీలలతో కలిపి పైకి అందించాను. బట్టలు అందుకున్నాను. మొదటి సీల ఘడియ లోపలే పడింది. పంతులుగారు మంత్రం చదివారు, అందరూ చప్పట్లు కొట్టారు. సాయంత్రం దాకా వాడు సీలలు కొడుతూనే ఉన్నాడు. ఒక్కొక్క దెబ్బా నాకు వినబడుతూనే ఉంది.

*

బాపట్ల దాటాక పొద్దు గుంకింది. లారీ ఆపించి రోడ్డు పక్కన కూర్చున్నాం. నేను డబ్బా తెరిచి ఖర్జూరాలు పెట్టాను. వాడు ముట్టుకోలేదు.

"ముందు రోజా విడువు. తర్వాత మాట్లాడుదువు," అన్నాను.

ఒకటి నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, తలొంచుకునే చెప్పాడు. "గుంజ నేనే లాగానమ్మీ. అబ్బా పైన ఉన్నాడు. ఆగరా, ఇంకా పోటు పడలేదు అని అరిచాడు. ఎన్నో ఇళ్ళు చూశాం కదా, గోడ మోస్తుందిలే, గుంజ లాగితే ఏమవుతుందిలే అనుకున్నాను. ఆ గోడ లోపల మొత్తం చెదలు పట్టేసి ఉంది. ఆ మేడని మోస్తున్నది ఆ గుంజలే."

"తాగాడని ఆయన చెబుతుంటే ఏం చేస్తున్నావురా?"

"నిజం చెబితే నిన్ను జైల్లో వేస్తారన్నాడు. మొగుడూ పోయి, కొడుకూ జైలుకెళ్తే మీ అమ్మ ఏమైపోతుందో ఆలోచించుకో అన్నాడు. అనుమతి లేకుండా విప్పిస్తున్నాడు, కేసు తన మీదకీ వస్తుందని ఆయన భయం. అది నాకు తర్వాత తెలిసింది."

"తర్వాత తెలిసింది కదా? తర్వాత ఆరేళ్ళున్నాయి కదరా?"

చెంప పగలగొడదామని చెయ్యెత్తాను. రోజంతా సుత్తి పట్టి బొబ్బలెక్కిన వాడి చేతులు చూసి దించేశాను. కానీ నా మంట మాత్రం దిగలేదండి. గుంజ లాగినందుకు కాదు. పని తెలియని వయసు, తప్పు జరిగింది, అది ఎప్పుడో అల్లాకి వదిలేద్దును. మీ నాన్న తాగుబోతంట కదా అని బజారు బజారంతా అంటుంటే, నేను ఒక్కదాన్నే అందరితోనూ పోట్లాడుతుంటే, వీడు పక్కన నిలబడి విన్నాడు. రోజూ నా చేతి అన్నం తిన్నాడు.

అవతల చేలల్లోంచి పిల్లల కేకలు వినబడ్డాయి, నెలవంక కనబడిందని. రేపు పండగ.

"రేపు ఈద్గాలో నమాజు అయ్యాక, ఒకరినొకరు కౌగిలించుకోకముందే లేచి చెబుతావు," అన్నాను. "గుంజ లాగింది నువ్వేననీ, మీ అబ్బాని తాగుబోతంటుంటే ఊరుకున్నావనీ. జగన్నాథరావు ఒక్కడు చెబితే చాలదు."

"అమ్మీ, మళ్ళీ ఎవరైనా పనికి పిలుస్తారా నన్ను? ఎవరైనా నాతో..."

"చెప్పకపోతే మాత్రం నా గడప తొక్కకు," అన్నాను. పగకి మనవాళ్ళూ పైవాళ్ళూ ఉంటారా? ఉంటారని ఆ రాత్రంతా నా ప్రాణం కొట్టుకుంది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

పొద్దున్నే వాడు స్నానం చేసి, కొత్త కుర్తా వేసుకుని వెళ్ళాడు. నేను షీర్ ఖుర్మాకి పాలు పొయ్యి మీద పెట్టి, వాకిట్లో నిలబడ్డాను. మామూలుగా నమాజు విడిచాక వీధంతా గుంపులు గుంపులుగా వస్తారు, భుజాల మీద చేతులేసుకుని, నవ్వుకుంటూ. ఆ రోజు కూడా గుంపులు వచ్చాయి. నవ్వులే లేవు. మా గుమ్మం ముందుకొచ్చేసరికి ముసలివాళ్ళు ఆగి, "ఈద్ ముబారక్ బేగమ్మా. ఇమాముద్దీన్ భాయికి అన్యాయం చేశాం," అని చెప్పి వెళ్ళారు. కోటయ్య కొట్టు తెరవకుండానే వచ్చి, చేతులు జోడించి, ఏదో చెప్పబోయి ఏడ్చేశాడు. అందరూ వచ్చారు. అయాజ్ రాలేదు.

వీధి ఖాళీ అయ్యాక వాడు మలుపు తిరిగాడు. పక్కన ఎవరూ లేరు. ఎవరూ కౌగిలించుకోలేదని కుర్తా చూస్తేనే తెలుస్తోంది, ఇస్త్రీ మడత చెదరలేదు, అత్తరు మరక లేదు. ఎదురింటివాళ్ళు చూసి తలుపు దగ్గరకి వేశారు. గోడ వారగా, నేల చూసుకుంటూ, ఒంటరిగా నడుచుకుంటూ వస్తున్నాడు.

ఒక మనిషి ఇలా తలొంచుకుని, పలకరించే దిక్కు లేకుండా నడిచి రావాలని ఆరేళ్ళు దువా చేశాను నేను. జగన్నాథరావు కోసం చేశాను.

వాడు గడప అవతలే ఆగిపోయాడు.

"చెప్పేశానమ్మీ," అన్నాడు.

నా కాళ్ళు ఆగలేదు. గడప దాటి వీధిలోకి వెళ్ళి, అందరూ చూస్తుండగా నా కొడుకుని నేనే కౌగిలించుకున్నాను.